అటక మీది బూట్లు

మా ఊళ్ళో సింగపూర్ పేరు తెలియనివాళ్ళు ఉండరు. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర నిలబడి కృష్ణ అవతలికి చూస్తే అమరావతి. ఆ రాజధానికి మాస్టర్ ప్లాన్ సింగపూర్ వాళ్ళు గీసిచ్చిన రోజుల నుంచీ మా టీ కొట్ల దగ్గర సింగపూర్ అంటే ‘అవతల ఎకరం ఎంత పలుకుతోంది’ అనే అర్థం. మొన్న అక్టోబర్ 14 రాత్రి మాత్రం మా ఇంట్లో ఆ పేరుకి ఇంకో అర్థం వచ్చింది.

ఆ వారం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఇంటికొచ్చాను. కొండపల్లిలో ఉండే అక్కా, వాళ్ళబ్బాయీ సాయంత్రానికి దిగారు. మేనల్లుడు ఏడో తరగతి. వాడికి క్రికెట్ పట్టదు. కృష్ణా జిల్లాలో పుట్టి క్రికెట్ పట్టకపోవడం కూడా ఒక విశేషమే అనుకోండి. వాడికి ఫుట్‌బాల్ కావాలి, అందులోనూ గోల్‌కీపింగ్. ఎవరి పోలికో నేను చెప్పక్కర్లేదు, తర్వాత మీకే తెలుస్తుంది.

గోవాలోని ఫతోర్దా స్టేడియంలో భారత్, సింగపూర్ మ్యాచ్. 2027 ఆసియా కప్‌కి అర్హత పోటీ. ఐదు రోజుల ముందు సింగపూర్ గడ్డ మీద మనవాళ్ళు పదిమందితో ఆడి, ఆఖర్లో రహీం అలీ కొట్టిన గోల్‌తో 1-1 చేసుకుని బయటపడ్డారు. ఇక సొంత మైదానం, ర్యాంకుల్లో మనం 134, వాళ్ళు 158. ‘ఈ రోజు మనదే మావయ్యా’ అని వాడు ముందే తీర్పు చెప్పేశాడు. 14వ నిమిషంలో ఛాంగ్తే దూరం నుంచి కొట్టిన బంతి నెట్‌లో పడేసరికి వాడు సోఫా మీద నుంచి ఎగిరితే పక్కనున్న జంతికల ప్లేటు కింద పడింది. విరామానికి నిమిషం ముందు సాంగ్ ఉయ్-యంగ్ అనే అతను స్కోరు సమం చేశాడు. 58వ నిమిషంలో మళ్ళీ అతనే. 2-1. ఇంకో అరగంట పైగా మనవాళ్ళు తన్నుకున్నారు గానీ బంతి లోపలికి పోలేదు. 2019లోనూ, 2023లోనూ వరసగా ఆసియా కప్ ఆడిన మనం, ఆ రాత్రితో 2027కి లేము.

నాన్న థర్మల్ పవర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి ఫుట్‌బాల్‌తో సంబంధం లేదు, న్యూస్ ఛానల్ కోసం రిమోట్ పట్టుకుని ఎదురుచూస్తున్నారంతే. టీవీ కట్టేస్తూ ఒక మాటన్నారు: “నూటనలభై కోట్ల మందిలో పదకొండు మంది దొరకలేదంట్రా?”

ఈ మాట మీరూ ఎక్కడో వినే ఉంటారు. మన ఫుట్‌బాల్ జట్టు ఓడిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. ఒకప్పుడు నేనూ అన్నాను. కానీ లెక్కే తప్పు. నా ఉద్యోగం యాప్‌ల మధ్య కాబట్టి ఆ భాషలో చెప్తాను. యాప్ ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారన్నది బయటివాళ్ళకి చెప్పుకోవడానికి బావుంటుంది. మీటింగులో బాస్ అడిగేది మాత్రం ఈ రోజు ఎంతమంది తెరిచారు, నెల తర్వాత ఎంతమంది మిగిలారు అని. నూటనలభై కోట్లు డౌన్‌లోడ్ల లెక్క. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి ఇంకా బూట్లు కట్టుకుని రోజూ గ్రౌండ్‌కి వెళ్ళేవాళ్ళు ఎంతమంది మిగిలారన్నదే జట్టు లెక్క.

సింగపూర్ సంగతి చూడండి. దేశం మొత్తం 735 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. మన పాత ఉమ్మడి కృష్ణా జిల్లా 8,727. అంటే ఆ దేశం మన జిల్లాలో పదో వంతు కూడా లేదు. జనం 60 లక్షల పైచిలుకు, అందులో బయటి దేశాల నుంచి వచ్చి పనిచేసుకునేవాళ్ళు చాలామంది. మా పెద్దమ్మగారి అబ్బాయి కూడా ఆ లెక్కలోనే ఉన్నాడు. మ్యాచ్ అయిన పది నిమిషాలకి ఆయన ఫోన్ చేశాడు. “ఏరా, ఎవరికి కంగ్రాట్స్ చెప్పాలో అర్థం కావట్లేదు” అన్నాడు. ఆ రాత్రి గంటసేపు మాట్లాడుకున్నాం. నేను అనుకున్నట్టు అక్కడేమీ పూలబాట లేదు.

మొదటిది చదువు. అక్కడ ఆరో తరగతి చివర, పన్నెండేళ్ళ పిల్లలకి దేశమంతా ఒకే పరీక్ష ఉంటుంది. ఏ హైస్కూల్లో సీటు వస్తుందన్నది దాని మీదే. అన్నయ్య కూతురు వచ్చే ఏడాది రాయాలి, ఇంట్లో ఇప్పటికే టీవీ కట్, ట్యూషన్లు రెండు. ‘విజయవాడ వదిలి వచ్చానని సంతోషించాను, విజయవాడ నా వెనకాలే ఫ్లైట్ ఎక్కి వచ్చింది’ అని ఆయన బాధ. రెండోది నేషనల్ సర్వీస్. పద్దెనిమిదేళ్ళు నిండిన మగపిల్లలు రెండేళ్ళు సైన్యంలోనో, పోలీసుల్లోనో, సివిల్ డిఫెన్స్‌లోనో పనిచేసి తీరాలి. ఫుట్‌బాలర్‌కి పద్దెనిమిది నుంచి ఇరవై అంటే పైరుకి చిరుపొట్ట దశ లాంటిది. 2018లో బెన్ డేవిస్ అనే కుర్రాడికి ఇంగ్లండ్‌లో ఫుల్హమ్ క్లబ్ కాంట్రాక్ట్ ఇస్తే, సర్వీస్ వాయిదా వేయమని అడిగితే ప్రభుత్వం కుదరదంది. దాని మీద అక్కడ పెద్ద గొడవ నడిచింది.

అయినా వాళ్ళు ఆడుతున్నారు. ఎలా అని అడిగితే అన్నయ్య పెద్ద పెద్ద స్కీములు చెప్పలేదు (ఉన్నాయి, 2034 ప్రపంచకప్ లక్ష్యంగా 2021లో ఒకటి మొదలుపెట్టారు). ఆయన చెప్పింది చిన్న విషయం. ఆయన ఫ్లాట్ పక్కనున్న స్కూలు గ్రౌండ్ గేటు బడి అయిపోయాక చుట్టుపక్కల జనానికి తెరుస్తారట. చాలా బడులకి ఈ ఏర్పాటు ఉందట. ఆఫీసు నుంచి వచ్చి ఈయన అక్కడ నడుస్తాడు, పిల్లలు ఆడుకుంటారు. మా వీధి చివర బడి గేటుకి సాయంత్రం ఐదింటికి తాళం పడుతుంది. ఆ తాళం వేసే అటెండర్‌ని నేను చిన్నప్పటి నుంచీ బతిమాలుతున్నాను.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే సింగపూర్‌కి భజన చేసినట్టుంటుంది. వాళ్ళు ఆగ్నేయాసియా కప్పుని నాలుగుసార్లు, 1998, 2004, 2007, 2012ల్లో గెలిచారు. తర్వాత బాగా కిందికి పోయారు. 2024 జూన్ 6న సొంతగడ్డ మీద దక్షిణ కొరియా చేతిలో 0-7తో ఓడారు. ఏడు గోల్స్! గోల్‌కీపర్‌గా ఆడినవాడిగా చెప్తున్నా, ఏడోది పడేసరికి వెనక్కి తిరిగి బంతి తీయడానికి కూడా నడుం వంగదు.

సరిగ్గా ఐదు రోజుల తర్వాత వాళ్ళు బ్యాంకాక్‌లో థాయ్‌లాండ్‌తో ఆడారు. సింగపూర్ అప్పటికే పోటీలోంచి వెళ్ళిపోయింది, ఆ మ్యాచ్‌తో వాళ్ళకి ఒరిగేదేం లేదు. ముందుకెళ్ళాలంటే మూడు గోల్స్ తేడాతో గెలవాల్సింది థాయ్‌లాండ్. లేకపోతే చైనా వెళ్తుంది. గోల్‌లో హసన్ సన్నీ, వయసు నలభై. ఆ రాత్రి అతను పదకొండు బంతులు ఆపాడు. థాయ్‌లాండ్ 3-1తో గెలిచింది, కానీ రెండు గోల్స్ తేడానే. చైనా బతికిపోయింది. సన్నీకి సింగపూర్‌లో ఒక చిన్న తిండి కొట్టుంది. కొబ్బరిపాలలో వండిన అన్నం, దాని పక్కన వేపుడూ, కారప్పచ్చడీ పెడతారు, నాసి లెమాక్ అంటారు. మర్నాటి నుంచి చైనా అభిమానులు ఆ కొట్టు ముందు బారులు తీరారు. రాలేనివాళ్ళు కొట్టు గోడ మీద అతికించిన క్యూఆర్ కోడ్ ఫొటోని నెట్‌లో పెట్టేసి, చైనా నుంచే డబ్బులు కొట్టడం మొదలుపెట్టారు. పాపం ఆయనే ఇక చాలు, పంపకండి అని చెప్పుకోవాల్సి వచ్చింది.

మేనల్లుడికి ఈ కథ చెప్తే వాడు అన్నం తినడం ఆపేసి, “నిజంగా బండి పెట్టుకున్నాడా మావయ్యా? ఇండియా గోలీ లాంటివాడు?” అన్నాడు. అవున్రా, దేశానికి గోలీ, పొద్దున కొట్టు యజమాని అన్నాను. వాడికి అది అవమానంగా అనిపించలేదు. “అయితే నేను పెద్దయ్యాక పునుగుల బండి పెడతా” అన్నాడు. అక్క వాడి నెత్తి మీద ఒక్కటిచ్చింది.

బ్యాంకాక్ మ్యాచ్‌కీ ఫతోర్దా మ్యాచ్‌కీ మధ్య పదహారు నెలలు. ఈలోగా సన్నీ జాతీయ జట్టు నుంచి రిటైరయ్యాడు. 2025 జూన్‌లో జపాన్ కోచ్ ఒగురా వెళ్ళిపోయాడు. తాత్కాలికంగా గావిన్ లీ అనే స్థానికుడికి జట్టు అప్పగించారు. ఆ జట్టే మనల్ని గోవాలో ఓడించి, నవంబర్ 18న హాంకాంగ్ వెళ్ళి, సగం ఆట అయ్యేసరికి 0-1తో వెనకబడి, రెండో సగంలో రెండు కొట్టి 2-1తో గెలిచింది. 1984లో ఆతిథ్య దేశంగా ఆడింది తప్పిస్తే సింగపూర్ ఆసియా కప్‌కి సొంతంగా అర్హత సాధించడం ఇదే మొదటిసారి. అదే రాత్రి మనం ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడాం.

మనల్ని కొట్టిన ఆ సాంగ్ పుట్టింది కొరియాలో కదా, అరువు ఆటగాడు కదా అని కొందరన్నారు. కుర్రతనంలోనే సింగపూర్ వచ్చి, అక్కడి క్లబ్బులో ఎదిగి, 2021లో పౌరసత్వం తీసుకున్నాడు. ఇబ్రహీంపట్నంలో సగం మంది థర్మల్ ఉద్యోగాల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడినవాళ్ళే. మా తాతగారిది గుడివాడ వైపు. నేను అరువు మనిషినా?

ఏడు గోల్స్ తిని లేచిన జట్టు కథ మనకి కొత్తేం కాదు. మన కథే అది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో కొట్టింది. మనవాళ్ళలో చాలామంది కాళ్ళకి బూట్లు లేకుండా ఆడారు. నాలుగేళ్ళకి, 1956 మెల్‌బోర్న్‌లో, క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్‌కి వెళ్ళాం. అక్కడ ఎదురైంది మళ్ళీ అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనది! చివరికి 4-1తో ఓడాం, నాలుగో స్థానం. ఆసియా నుంచి ఒలింపిక్ సెమీస్‌కి చేరిన మొదటి జట్టు మనదే. ఆ జట్టు కోచ్ హైదరాబాద్ మనిషి, సయ్యద్ అబ్దుల్ రహీం. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్ళకి అజయ్ దేవగణ్ మొహం గుర్తొస్తుంది. సినిమాలో సిగరెట్లు ఎక్కువ, బడి తక్కువ. ఆయన కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పిన పంతులు. నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని చేతిలోకి తీసుకున్నారు. 1950 నుంచి 54 దాకా ఐదేళ్ళు వరసగా బొంబాయిలో రోవర్స్ కప్ ఆ జట్టుదే. కలకత్తా క్లబ్బులకి డబ్బుంది, పేరుంది. వీళ్ళు జీతానికి పోలీసులు. ఆయన పద్ధతులు వింటే ఇప్పటికీ సరదాగా ఉంటుంది. పాస్ ఇవ్వడం నేర్పాలంటే డ్రిబ్లింగే చేయకూడదనే నియమంతో టోర్నమెంట్ పెట్టేవారు. కుడికాలి వాటం కుర్రాళ్ళ చేత ఎడమకాలితో మాత్రమే ఆడించే పోటీ ఇంకోటి. సికింద్రాబాద్ అమ్ముగూడలో బలరాం అనే పేద కుర్రాడు ఆడుతుంటే చూసి హైదరాబాద్ వచ్చి ప్రాక్టీస్ చెయ్యమన్నారట. రోజూ అంతదూరం రావడానికి డబ్బుల్లేవు అంటే, సైకిల్ అద్దె ఆయనే ఇచ్చారని చెబుతారు. ఆ సైకిల్ తొక్కిన తులసీదాస్ బలరాం మెల్‌బోర్న్‌లో ఉన్నాడు, 1962 జకార్తాలోనూ ఉన్నాడు. జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడి, చివరికి అదే కొరియాని ఫైనల్లో 2-1తో ఓడించి బంగారం తెచ్చారు. తలకి దెబ్బ తగిలిన జర్నైల్ సింగ్‌ని డిఫెన్స్ నుంచి తీసి ముందు వరసలో ఆడించింది రహీం సాబే, రెండో గోల్ కొట్టింది ఆ జర్నైలే. గోల్‌లో హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. అప్పటికే రహీం గారికి క్యాన్సర్. 1963 జూన్ 11న పోయారు.

ఒక్క ఊరు. మెల్‌బోర్న్ జట్టు పేర్లు చూస్తే నూర్ మహ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, బలరాం... ఆ ఒక్క ఊరి గల్లీల పేర్లే వరసగా వినిపిస్తాయి. అప్పటి హైదరాబాద్ ఒకరకంగా సింగపూరే. జనం తక్కువ, గ్రౌండ్లు దగ్గర, పిల్లల పేర్లన్నీ తెలిసిన ఒక పంతులు.

ఇప్పటి హైదరాబాద్ సంగతి చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది. నేను ఉద్యోగం చేసే ఊరు అది. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ కప్ గెలిచిన రాత్రి మా పీజీలో కేక్ కోశాం. ఆ క్లబ్ 2025 అక్టోబర్‌లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. సరిగ్గా మనం సింగపూర్‌తో ఓడిన నెలలోనే. అసలది 2019లో పుణే నుంచి వచ్చిన క్లబ్బే కాబట్టి వచ్చినదారినే వెళ్ళిందని సరిపెట్టుకోవాలి. పూర్తిగా చీకటేం కాదు. శ్రీనిధి డెక్కన్ ఐ-లీగ్‌లో ఆడింది. మన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉన్న మహిళల జట్టు 2025 జూలైలో థాయ్‌లాండ్‌ని వాళ్ళ గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించింది. ఆ మ్యాచ్ గురించి నాన్నకి చెప్తే, “టీవీలో ఎక్కడా చెప్పలేదే” అన్నారు.

ఇక నా సంగతి. పదో తరగతి దాకా నేను మా స్కూల్ గోల్‌కీపర్‌ని. ఆడింది థర్మల్ కాలనీ వైపు గ్రౌండ్‌లో. గాలి ఇటు తిరిగిన రోజు బూడిద సన్నగా రాలేది, డైవ్ కొట్టి లేస్తే చొక్కా బూడిద రంగు. అమ్మ ఆ చొక్కాలు విడిగా నానబెట్టేది. జిల్లా స్థాయి దాకా వెళ్ళాం, విజయవాడలో సెమీస్‌లో పెనాల్టీల్లో పోయింది. ఐదింటిలో రెండు ఆపాను. ఆ రెండూ ఇప్పటికీ ఏ వైపు దూకానో చెప్పగలను.

జూన్‌లో ఇంటర్. నన్ను వేసిన కాలేజీ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. కింద పార్కింగ్, పైన హాస్టల్, మధ్యలో క్లాసులు. గ్రౌండ్ అన్న మాటే లేదు. పొద్దున ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి స్టడీ అవర్. మొదటి ఆదివారం పార్కింగ్‌లో చుట్టిన సాక్సులతో బంతాట ఆడుతుంటే వార్డెన్ నాన్నకి ఫోన్ చేశాడు. నాన్న వచ్చి ఏమీ అనలేదు. “రెండేళ్ళే కదరా” అన్నారు. ఇంటికెళ్ళాక నా బూట్లు, గ్లవ్స్ సంచిలో కట్టి అటక మీద పెట్టారు. రెండేళ్ళు అయ్యాయి, ఇంజనీరింగ్ నాలుగేళ్ళు అయ్యాయి, ఉద్యోగం వచ్చి ఆరేళ్ళు. నాకేం అన్యాయం జరిగిందని ఏడవను. జీతం బానే ఉంది, ఇంటికి రెండో అంతస్తు వేశాం. నేను దేశానికి ఆడేవాణ్ణని కూడా అనను, అంత లేదు. కానీ మా సెమీస్ జట్టులో పదకొండు మందిమీ పదహారేళ్ళకే ఆపేశాం. పదకొండుకి పదకొండు. సింగపూర్ వాడు పద్దెనిమిదేళ్ళకి రెండేళ్ళు పిల్లాణ్ణి తీసుకుని, వెనక్కి ఇస్తాడు. మనం వెనక్కి ఇవ్వం. ఇప్పుడు హైదరాబాద్‌లో గంటకింత అని అద్దె కట్టి టర్ఫ్‌లో ఆడుతుంటాను, పావుగంటకి ఆయాసం.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ రాత్రి అక్క వచ్చింది మ్యాచ్ కోసం కాదు. వచ్చే జూన్‌లో వాణ్ణి ఎనిమిదో తరగతికి హాస్టల్లో వేస్తున్నారు, ఐఐటీ ఫౌండేషన్. అడ్వాన్స్ కట్టేశారు. ఇంటర్ కాదు, ఎనిమిది! నా కాలానికీ ఇప్పటికీ మూడేళ్ళు ముందుకొచ్చింది. వాడు వెళ్ళనని మొండికేస్తున్నాడు. “నీ మాటైతే వింటాడు. నువ్వూ అలాగే చదివావుగా, ఒక్క మాట చెప్పరా” అంది అక్క వంటింట్లో.

సరే అన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను. మ్యాచ్ అయ్యాక వాడు నా పక్కన పడుకుని చీకట్లో, “మావయ్యా, నువ్వెందుకు మానేశావ్?” అన్నాడు. చదువు కోసం అన్నాను. “సన్నీకి చదువు లేదా?” అన్నాడు. నిద్ర వస్తోందని అటు తిరిగి పడుకున్నాను.

నవంబర్ 18న సింగపూర్ గెలిచాక అక్కకి ఫోన్ చేసి, వద్దని చెప్పాను. మన వైపే డే స్కూల్, గ్రౌండ్ ఉన్నది చూద్దాం, లెక్కలు ఆన్‌లైన్‌లో నేను చెప్తాను, రోజూ రాత్రి గంట అన్నాను. “నీకేం, నువ్వు సెటిలయ్యావు కాబట్టి చెప్తావు” అంది. అందులో అబద్ధం లేదు. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వరట, ఆ డబ్బు నేనిస్తానన్నా. బావగారు ఇంకా నాతో మాట్లాడటం లేదు. నాన్న మాత్రం ఎవరూ అడక్కుండానే నిచ్చెన వేసి అటక మీది సంచి దించారు. బూట్ల అడుగు ఊడిపోయింది, పనికిరావు. గ్లవ్స్ ఎండలో వేశారట, రబ్బరు కొంచెం పెళుసెక్కింది.

ఈ శనివారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నాను. ఆదివారం పొద్దున ఆరింటికి గ్రౌండ్ దగ్గరికి రమ్మన్నాడు మేనల్లుడు. గ్లవ్స్ పెద్దవవుతాయిరా అంటే, పర్లేదు, లోపల సాక్సులు తొడుక్కుంటానన్నాడు.